మంద్రస్వర సాధకుడు క్లిఫ్ బర్టన్

గోపురమును చూచి చేతులు జోడించువారు పెక్కుమంది. దానిని మోయుచున్న పునాదిని తలచువారు అరుదు. సంగీత కచేరీయందు తంబురకు పట్టిన గతియు ఇట్టిదే. అది లేనిచో గాయకుని గొంతు నిలువదు. ఉన్నప్పుడు దానిని విన్నట్లే ఎవరికిని తోచదు. పాశ్చాత్యుల రాక్ సంగీతమున బాస్ గిటారునకు చాలకాలము దక్కిన స్థానము ఇంచుమించుగా ఇదియే. నాలుగు లావైన తీగెలు గల ఆ వాద్యము మంద్రస్థాయిలో మ్రోగుచు, డ్రమ్ముల లయను గిటార్ల స్వరములతో ముడివేయుచు, తాను మాత్రము వెనుక వరుసలో నిలిచియుండును. హెవీ మెటల్ అను ఉగ్రసంగీతమున ఆ వాద్యమును ముందు వరుసకు తెచ్చినవారిలో ముఖ్యుడు క్లిఫ్ బర్టన్.

అతడు జీవించినది ఇరువదినాలుగేండ్లు. మెటాలికా అను బృందముతో కలసి వాయించినది నాలుగేండ్లకు లోపు. ఆ బృందముతో అతడు చేసిన ఆల్బములు మూడు. అతని కాలమున ఆ బృందము పాటలకు ప్రచారచిత్రము ఒక్కటియు తీయింపలేదు. అయినను ఈనాడు అతని కచేరీలను కంటితో చూడగోరువారికి గంటన్నర చిత్రము లభించుచున్నది. దానిలో అధికభాగమును సమకూర్చినది ఏ సంస్థయు కాదు. టిక్కెట్టు కొని వచ్చి, జనసమ్మర్దమున నిలిచి, వణకు చేతులతో చిత్రము పట్టిన అభిమానులు. క్లిఫ్ తొలుత గొప్ప శ్రోత, పిదప వాద్యకారుడు. శ్రోతగా అతడు సంపాదించినదానిని వాద్యకారుడుగా లోకమునకు ఇచ్చెను. అతడు పోయిన పిమ్మట శ్రోతలే అతనిని కాపాడిరి. అతని కథ ఇంతియే. కాని ఈ చిన్నకథలో దుఃఖమును కలదు, దీక్షయు కలదు.

క్లిఫర్డ్ లీ బర్టన్ 1962 ఫిబ్రవరి 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమునకు తూర్పున గల కాస్ట్రో వ్యాలీలో పెరుగుచుండిన మధ్యతరగతి కుటుంబమున జన్మించెను. తండ్రి రే బర్టన్ రహదారుల నిర్మాణమున సహాయ ఇంజనీరు. తల్లి జ్యాన్ ప్రత్యేకశ్రద్ధ అవసరమైన పిల్లలకు చదువు చెప్పు ఉపాధ్యాయిని. క్లిఫ్‌నకు స్కాట్ అను అన్నయు, కోనీ అను అక్కయు ఉండిరి. తండ్రికి శాస్త్రీయ సంగీతముపై అభిరుచి ఉండుటచే బాలుడు చిన్ననాడే పియానో నేర్చెను. అతడు మితభాషి, పుస్తకములు చదువుకొనుచు తనలో తాను ఉండు స్వభావము కలవాడు. పదుగురు నడచు బాటను పట్టవలెనను తొందర అతనికి ఏ వయస్సునను కలుగలేదు.

1975లో ఆ ఇంట పిడుగు పడెను. మెదడులోని రక్తనాళము చిట్లి స్కాట్ పదునారేండ్ల ప్రాయమున మరణించెను. అప్పటికి క్లిఫ్‌నకు పదుమూడేండ్లు. అన్న పోయిన పిదప ఆ బాలుడు బాస్ గిటారును దీక్షతో పట్టెను. అన్న కొరకు తాను ఆ వాద్యమున మేటి కావలెనని అతడు సంకల్పించుకొన్నట్లు తల్లి తరువాతి కాలమున చెప్పెను. ఆ సమయమున ఆమెకు అది పసివాని మాటగనే తోచెను. కుమారునియందు అంతటి సంగీతప్రతిభ కలదని ఆమె అనుకొనలేదు. దుఃఖమున పలికిన మాటలు దుఃఖము తగ్గగనే మరపున పడుట లోకసహజము. క్లిఫ్ విషయమున అట్లు జరుగలేదు. ఆ మాటను అతడు ఎవరికిని మరల మరల చెప్పుకొనలేదు. దినదినము సాధన చేసెను. నాలుగు గంటలు, ఒకొకప్పుడు ఆరు గంటలు సాగిన ఆ అభ్యాసము పేరు వచ్చిన పిమ్మటను తప్పలేదు.

సాధనతోపాటు సాగినది శ్రవణము. గురువుల వద్ద అతడు స్వరలిపి చదువుటయు, బాఖ్ మొదలగు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్తల రచనలను వాయించుటయు నేర్చెను. బాఖ్ రచనలయందు క్రిందిస్వరము పైస్వరమునకు ఊడిగము చేయునది కాదు. దానికి తనదైన నడక కలదు, తనదైన మాట కలదు. బాస్ వాద్యమును వెనుక నిలిపియుంచనక్కరలేదను ఎరుకకు ఈ అభ్యాసము క్లిఫ్‌నకు మిక్కిలి తోడ్పడియుండును. ఇంకొక వంక అతడు బ్లాక్ సాబత్, రష్, థిన్ లిజ్జీ మొదలగు బృందముల రికార్డులను వినుచుండెను. మిస్‌ఫిట్స్ అను పంక్ బృందముపై అతనికి గల మక్కువ అపారము. ఆ బృందపు కపాలచిహ్నమును చేతిపై పచ్చబొట్టు పొడిపించుకొనెను. లినర్డ్ స్కినర్డ్ బృందపు దక్షిణదేశపు బాణీయు అతనికి ఇష్టమే. హెవీ మెటల్ అభిమానులు కొందరు తమ సంగీతము తప్ప తక్కినది విననొల్లరు. క్లిఫ్ చెవికి అట్టి గోడలు లేవు.

ఉన్నతపాఠశాలలో చదువుచున్న దినములలో అతడు మిత్రులతో కలసి ఈజీ స్ట్రీట్ అను బృందమున వాయించెను. అందలి జిమ్ మార్టిన్, మైక్ బోర్డిన్ అనువారు తరువాత ఫెయిత్ నో మోర్ బృందమున ప్రసిద్ధులైరి. పిదప క్లిఫ్ షాబో కళాశాలలో చేరెను. సంగీతమునే వృత్తిగా స్వీకరించెదనని అతడు తెలుపగా తల్లిదండ్రులు కాదనలేదు. గుడ్డిగా తలయూపను లేదు. నాలుగేండ్లపాటు అతని తిండికిని, ఉనికికిని తాము చూచెదమనియు, అప్పటికిని దారి కనబడనిచో వేరొక పని వెదకుకొనవలెననియు వారు నిర్ణయించిరి. ఒక కుమారుని పోగొట్టుకొన్న తల్లిదండ్రులు ఉన్న కుమారుని విషయమున తీసికొన్న నిర్ణయమిది. ఆ గడువు అక్కరకు రాకయే పోయెను.

అది 1980ల తొలినాళ్లు. అమెరికా రేడియోలలో హెవీ మెటల్ సంగీతమునకు చోటు స్వల్పము. ఆ సంగీతము ఊరినుండి ఊరికి ప్రాకినది క్యాసెట్టుల మూలమున. ఒక అభిమాని తన వద్దనున్న టేపునకు నకలు తీసి వేరొక ఊరి అభిమానికి టపాలో పంపును. అతడు బదులుగా మరియొకటి పంపును. నకలునకు నకలు తీయగా ధ్వని మసకబారెడిది, ఆసక్తి మాత్రము తరిగెడిది కాదు. 1981లో లాస్ ఏంజిలీస్ నగరమున వెలసిన మెటాలికా బృందము ఇట్టి అభిమానుల బృందమే. దానికి మూలపురుషుడైన లార్స్ ఉల్రిక్ డెన్మార్కు దేశమున పుట్టినవాడు. డైమండ్ హెడ్ అను ఆంగ్లేయ బృందముపై మోజుతో ఆ యేటనే ఇంగ్లండు వరకు పోయి వారి కచేరీ విని, వారితో స్నేహము చేసి వచ్చినవాడు. పత్రికలోని ప్రకటన మూలమున అతనికి జేమ్స్ హెట్‌ఫీల్డ్ పరిచితుడయ్యెను.

క్లిఫ్ అప్పటికి ట్రామా అను బృందమున ఉండెను. 1982లో ఆ బృందము లాస్ ఏంజిలీస్‌లోని విస్కీ ఎ గోగో అను ప్రసిద్ధమైన శాలలో వాయించుచుండగా ఉల్రిక్, హెట్‌ఫీల్డ్ వినవచ్చిరి. ఏదో గిటారు విచ్చలవిడిగా ఒంటరిగా మ్రోగుచుండెను. గిటారు వాయించువాడు మాత్రము వేదికపై కానరాలేదు. తీరా చూడగా ఆ ధ్వని జుట్టు విరియబోసికొని తల ఊపుచున్న బాస్ వాద్యకారునిది. కాలితో త్రొక్కు పరికరముల సాయమున అతడు మంద్రస్వరమును గరగరలాడించి, మూలిగించి, అరపించుచుండెను. మీటుబిళ్ళ పట్టక వ్రేళ్లతోనే వాయించుచుండెను. అతడు తమకు కావలెనని వారిరువురును ఆ రాత్రియే తలచిరి.

పిలుపు వచ్చినంతనే క్లిఫ్ పరుగెత్తలేదు. లాస్ ఏంజిలీస్ ఆడంబరము అతనికి రుచింపలేదు. బిగుతు దుస్తులు, ముఖమునకు రంగులు ఆనాటి ఆ నగరపు కచేరీలకు అలంకారములు. తాను ఆ నగరమునకు రాననియు, తాను కావలసినచో బృందమే ఉత్తరమునకు తరలిరావలెననియు అతడు నియమము పెట్టెను. ఒక్క వాద్యకారుని కొరకు ఒక బృందము ఊరు మారుట సామాన్యము కాదు. కాని అంతకుముందే శాన్‌ఫ్రాన్సిస్కో శ్రోతలు మెటాలికాను ఆదరించియుండిరి. అంతవరకు బాస్ వాయించుచుండిన రాన్ మెక్‌గవ్నీ తప్పుకొనెను. మిగిలినవారు మూటలు కట్టుకొని అఖాతపు తీరమునకు చేరిరి. 1983 మార్చి 5వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలోని ది స్టోన్ అను శాలలో క్లిఫ్ వారితో తొలి కచేరీ చేసెను. థ్రాష్ మెటల్ అని తరువాత పేరుపడిన వేగసంగీతమునకు ఆ అఖాతపు తీరము పుట్టినిల్లుగా ప్రసిద్ధికెక్కుటకు ఆ రాకయు ఒక కారణము.

ఆ మాసపు చివరనే బృందము తూర్పుతీరమునకు పయనమయ్యెను. వారు 1982లో సిద్ధము చేసిన క్యాసెట్టు ఒకటి చేతులు మారుచు న్యూజెర్సీలో పాతసామానుల సంతయందు రికార్డుల అంగడి నడుపుచుండిన జాన్ జజూలాను చేరియుండెను. ఆయనయు, భార్య మార్షాయు మెగాఫోర్స్ అను సంస్థను నెలకొల్పి వారి తొలి ఆల్బమును వెలువరించిరి. ఇంతలో గిటారు వాయించు డేవ్ మస్టెయిన్‌ను బృందము తొలగించెను. అతని స్థానమున ఎక్సొడస్ బృందమునుండి కర్క్ హామెట్ వచ్చెను. న్యూయార్కు రాష్ట్రపు రోచెస్టర్ నగరమున ధ్వనిముద్రితమైన ‘కిల్ ఎమ్ ఆల్’ 1983 జూలైలో విడుదలయ్యెను. ట్రామా దినములలో ఉల్రిక్, హెట్‌ఫీల్డులను ఆపివేసిన ఆ ఒంటరి వాదనము ‘ఎనస్థీజియా’ అను పేర అందు చేరెను. గాయకుని గొంతు లేక, నడుమ డ్రమ్ములు వచ్చి కలియువరకు బాస్ ఒక్కటియే నాలుగు నిమిషములలో అధికభాగము శ్రోతను పట్టియుంచును. ఒక కొత్త బృందపు తొలి రికార్డున బాస్ వాద్యకారునకు ఇంతటి చోటు దక్కుట ఆనాడు వింత.

రెండవ ఆల్బము ‘రైడ్ ద లైట్నింగ్’ 1984లో వెలువడెను. దానిని కోపెన్‌హేగన్ నగరములోని స్వీట్ సైలెన్స్ శాలలో ఫ్లెమింగ్ రాస్ముసెన్ సహకారముతో ముద్రించిరి. హెమింగ్వే నవల పేరిట గల ‘ఫర్ హూమ్ ద బెల్ టోల్స్’ అను పాట ఆరంభమున ఘంటానాదము వెంట ఒక తీవ్రమైన స్వరము పైకెగసి క్రిందికి జారును. వినువారిలో పెక్కుమంది దానిని గిటారనియే తలతురు. అది క్లిఫ్ బాస్. చివరనున్న ‘ద కాల్ ఆఫ్ క్తూలూ’ తొమ్మిది నిమిషములకు చేరువైన వాద్యరచన. దాని పేరు భయానక కథలు వ్రాసిన లవ్‌క్రాఫ్ట్ కల్పననుండి వచ్చినది. ఆ రచయితపై క్లిఫ్‌నకు మిక్కిలి ఇష్టము. స్వరములను జంటగా నడపు పద్ధతులను, సంగీతశాస్త్రపు మెలకువలను తమకు తెలిపినవాడు క్లిఫ్ అని హెట్‌ఫీల్డు పలుమార్లు చెప్పియున్నాడు. కేవలము వేగమే బలమనుకొన్న యువకులకు నెమ్మదియు బలమేయని అతడు చూపెను.

1986 మార్చిలో మూడవది, ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’, వచ్చెను. రేడియో ఆదరణ అంతగా లేకున్నను, ప్రచారచిత్రము లేకున్నను అది అమెరికా అమ్మకముల పట్టికలో 29వ స్థానమునకు చేరెను. అందలి ‘ఓరయన్’ అను వాద్యరచనలో క్లిఫ్ ప్రతిభ నిండుగా కనిపించును. ఎనిమిది నిమిషములకు మించిన ఆ రచన దూరమునుండి వచ్చు మేఘధ్వని వలె మొదలగును. నడుమ అంతయు సద్దుమణగి బాస్ ఒక్కటియే మెల్లగా ఊయలలూగును. దానిపై గిటార్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరును. ఆ నడిమి భాగమును తొలిసారి విన్నవారు ఇది హెవీ మెటలేనా అని ఆశ్చర్యపడుదురు. బాఖ్‌ను సాధన చేసిన బాలుడును, బ్లాక్ సాబత్‌ను విని తల ఊపిన కుర్రవాడును అచట ఒక్కరైరి.

వేదికపై అతని తీరు వేరు. తక్కినవారు బిగుతు పంట్లాములు తొడుగు కాలమున అతడు పదేండ్ల క్రిందటి వాడుకైన వెడల్పు అంచుల పంట్లాము తొడిగి, డెనిమ్ చొక్కా వేసికొని వచ్చెడివాడు. పరిహాసమును లక్ష్యపెట్టెడివాడు కాడు. కచేరీ నడుమ అతనికై కొంత సమయము విడిచెడివారు. అప్పుడు వేలమంది శ్రోతల యెదుట అతడు ఒంటరిగా నిలిచి వాయించెడివాడు. 1985 ఆగస్టు 31వ తేదీన ఓక్లండ్ క్రీడాంగణమున జరిగిన మహాకచేరీయందు అతడు వాయించిన చోటు అతని ఇంటికి కొలది మైళ్ల దూరము. మరుసటి ఏట బ్లాక్ సాబత్ పూర్వగాయకుడు ఓజీ ఆస్బర్న్ కచేరీలకు ముందు వాయించు అవకాశము మెటాలికాకు లభించెను. శాలలో ధ్వనిని సరిచూచుకొను వేళ ఈ యువకులు సాబత్ పాటలు వాయించుచుండగా ఓజీ తొలుత వారు తనను ఎగతాళి చేయుచున్నారనుకొనెను. అది పరిహాసము కాదనియు, వారు ఆ రికార్డులు విని పెరిగిన పిల్లలనియు పిదప తెలిసికొనెను.

ఆ శరత్కాలమున బృందము ఐరోపాకు పోయెను. 1986 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కచేరీ ముగిసెను. అచటినుండి కోపెన్‌హేగన్‌కు బస్సులో పయనము. పడుకొను చోటికై పేకముక్కలు తీసికొనిరనియు, క్లిఫ్‌నకు ఇస్పేటు ఆసు రాగా అతడు తన చోటు కోరుకొనెననియు హామెట్ తరువాత తెలిపెను. 27వ తేదీ తెల్లవారుజామున డోరార్ప్ అను పల్లె చేరువ బస్సు దారి తప్పి బోర్లపడెను. క్లిఫ్ కిటికీ గుండ వెలుపల పడగా బస్సు అతనిపై ఒరిగెను. తక్కినవారు గాయములతో బయటపడిరి. రోడ్డుపై మంచు పేరుకొనుటచే బస్సు జారినదని నడపినవాడు చెప్పగా, చలిలో ఆ దారి వెంట నడచి వెదకిన హెట్‌ఫీల్డునకు మంచు కానరాలేదు. ఎవరిపైనను నేరము నిలువలేదు. రహదారులు నిర్మించిన తండ్రికి కుమారుడు పరదేశపు రహదారిపై పోయినాడను వార్త చేరెను. పదునొకండేండ్లలో ఆ తల్లిదండ్రులకు ఇది రెండవ పుత్రశోకము.

అక్టోబరులో అంత్యక్రియలు జరిగెను. ఆ వేళ ‘ఓరయన్’ రికార్డును వినిపించిరి. పూర్వము మిత్రులతో కూడి వాయించుకొన్న మాక్స్‌వెల్ రాంచ్ అను చోట అతని చితాభస్మమును వెదజల్లిరి. బృందము సాగవలెనని తల్లిదండ్రులే ధైర్యము చెప్పిరి. ఆ మాసముననే జేసన్ న్యూస్టెడ్ క్లిఫ్ స్థానమున చేరెను. నవంబరు మొదటి వారమున ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ అమెరికాలో ఐదులక్షల ప్రతుల మైలురాయికి గుర్తుగా స్వర్ణపురస్కారము పొందెను. దానిని చూచుటకు అతడు లేడు.

అతనిని లోకమునకు మరల చూపవలెనన్నచో తగిన చిత్రము బృందము వద్ద లేదు. అప్పుడు అక్కరకు వచ్చినవి అభిమానులు చాటుమాటుగా తీసిన వీడియోలు. 1987లో విడుదలైన ‘క్లిఫ్ ఎమ్ ఆల్’ చిత్రమునకు అవియే ముడిసరకు. 1983 మార్చి 19వ తేదీన క్లిఫ్ ఆ బృందముతో చేసిన రెండవ కచేరీయు అందు కలదు. బొమ్మ వణకును, ధ్వని చీలును, ఎవరిదో తల అడ్డము వచ్చును. కాని తెరపైనున్నవాడు సజీవుడు. మరి ముప్పదియేండ్లకు, 2017లో, ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ను విశేషసంపుటిగా పునర్ముద్రించినప్పుడు అందు ఒక క్యాసెట్టును చేర్చిరి. అది స్టాక్‌హోమ్ నాటి కడపటి కచేరీ. దానిని ముద్రించినవాడు నాడు శ్రోతలలో నిలిచిన ఒక అభిమాని. అమెరికా జాతీయ గ్రంథాలయము అప్పటికే ఆ ఆల్బమును భద్రపరుపదగిన జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చియుండెను; ఆ గౌరవము పొందిన మెటల్ రికార్డులలో అదియే మొదటిది.

బ్రతికియుండగా క్లిఫ్ వేదికపై నిండుగా వినిపింపని ‘ఓరయన్’ను బృందము 2006లో తొలిసారి సంపూర్ణముగా వాయించెను. ఆ ఏటనే అక్టోబరు 3వ తేదీన అభిమానుల పూనికతో డోరార్ప్ సమీపమున స్మారకశిల వెలసెను. 2009లో మెటాలికాకు రాక్ అండ్ రోల్ ప్రముఖుల సభయందు స్థానము లభింపగా కుమారుని పక్షమున రే బర్టన్ ఆ గౌరవమును అందుకొనెను. క్లిఫ్ పోయిన ఇరువదియైదేండ్లకు, 2011 అక్టోబరు 30వ తేదీన ఆ బృందము బెంగుళూరులో వాయించెను. అతని కాలమున పుట్టని యువకులు కూడ ఆ పాటలకు గొంతు కలిపిరి. వారిలో తెలుగునాటినుండి పోయినవారును కలరు.

రే బర్టన్ తొంబది యేండ్లు దాటువరకు జీవించి 2020 జనవరిలో మరణించెను. వార్ధక్యమునను ఆయన మెటాలికా కచేరీలకు పోవుచుండెను. తన కుమారునికంటె చిన్నవారైన అభిమానులు చుట్టుముట్టగా ఓపికతో మాటలాడుచుండెను. ఆల్బముల విక్రయముపై కుమారుని వంతునకు వచ్చు సొమ్మును ఆయన తనకై ఉంచుకొనలేదు. క్లిఫ్ చదివిన కాస్ట్రో వ్యాలీ ఉన్నతపాఠశాలలో సంగీతము నేర్చు విద్యార్థులకు వేతనముగా ఇచ్చివేసెను. ఎక్కడెక్కడనో ఒక శ్రోత వెలయిచ్చి కొన్న రికార్డు ఆ ఊర ఒక పిల్లవాని సంగీతవిద్యకు సాయమయ్యెను. అన్న కొరకు వాద్యము పట్టిన బాలుని ఊరు అదియే.